చరిత్ర పాఠానికి సాక్షుల్ని పిలుద్దాం



కాకతి రుద్రమదేవి ఎప్పుడు కన్నుమూసింది? పాత చరిత్ర పుస్తకాలు తీస్తే ఆమె 1295-96 దాకా రాజ్యం చేసిందని కనిపిస్తుంది. ఇప్పటి పుస్తకాల్లో 1289 అని ఉంటుంది. ఈ మార్పుకు కారణం ఒక రాయి. నల్లగొండ జిల్లా నకిరేకల్ మండలంలో చందుపట్ల అనే ఊరుంది. ఆ ఊళ్లో దొరికిన శాసనం శక సంవత్సరం 1211 నాటిది. కాకతి మహాదేవికీ (అంటే రుద్రమదేవికీ), ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ శివలోకం ప్రాప్తించాలని కోరుతూ పువ్వుల ముమ్మడి అనే వ్యక్తి దేవుడికి భూమి ధారపోశాడు. శాసనం చెప్పే సంగతి ఇంతే. శక సంవత్సరానికి 78 కలిపితే 1289 వస్తుంది. అప్పటికే రాణి, సేనాని ఇద్దరూ ఈ లోకంలో లేరన్నమాట. ఒక పల్లెలో నిలబడ్డ రాయి, పెద్ద పెద్ద గ్రంథాలు ఒప్పుకున్న లెక్కను ఆరేడేళ్లు వెనక్కి జరిపింది.

మన పిల్లలు పరీక్షలో 1289 అని రాస్తారు. మార్కు పడుతుంది. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్లకు ఎవరూ చెప్పరు. అది చందుపట్ల నుంచి వచ్చిందనీ, దాన్ని చెక్కించినవాడు రాజూ కాదు, రాజగురువూ కాదనీ, తన ప్రభువు కోసం దానం చేసిన ఒక సామాన్య సేవకుడనీ తెలిస్తే ఆ పాఠం రుచే వేరుగా ఉంటుంది. చరిత్రలో అసలు విషయమంతా అక్కడే ఉందని నా నమ్మకం. ఏం జరిగిందన్నది సగం మాట. జరిగిందని మనకెలా తెలుసన్నది మిగతా సగం. మనం బడిలో మొదటి సగమే చెప్పి, రెండో సగాన్ని విశ్వవిద్యాలయాలకు వదిలేస్తున్నాం. అది హైస్కూల్లోనే మొదలుకావాలి. ముఖ్యంగా మన రాష్ట్ర చరిత్ర చెప్పేటప్పుడు మొదలుకావాలి. ఎందుకంటే ఆ సాక్ష్యాలు చాలావరకు మన భాషలోనే మాట్లాడతాయి, మన ఊళ్లలోనే ఉన్నాయి.

రుద్రమదేవి పాఠాన్నే పట్టుకుని కాస్త ముందుకు వెళ్దాం. ఆమె గురించి మాట్లాడిన ముగ్గురు సాక్షుల్ని ఒకే పీరియడులో తరగతిలోకి పిలవొచ్చు.

మొదటి సాక్షి వెనిస్ వర్తకుడు మార్కోపోలో. తూర్పు తీరంలోని మోటుపల్లి రేవు పేరుమీద ఈ రాజ్యాన్నే ఆయన ముత్‌ఫిలి అన్నాడు. ఇక్కడ ఒక రాణి పాలిస్తోందనీ, న్యాయమూ శాంతీ కోరే మనిషనీ, ప్రజలు ఆమెను ఎంతో ప్రేమిస్తారనీ చెప్పాడు. సాలెగూడు దారాల్లాంటి సన్నని బట్టలు నేస్తారని మెచ్చుకున్నాడు. పాములతో నిండిన లోయల్లో వజ్రాలు ఉంటాయనీ, పైనుంచి మాంసం ముక్కలు విసిరితే వాటికి వజ్రాలు అంటుకుంటాయనీ, ఆ ముక్కల్ని గద్దలు ఎత్తుకొస్తే మనుషులు వెంటపడి వజ్రాలు ఏరుకుంటారనీ కూడా చెప్పాడు. రాణి భర్త చనిపోయి నలభై ఏళ్లయిందనీ, అప్పట్నుంచీ ఆమే రాజ్యం ఏలుతోందనీ ఆయన మాట.

పిల్లలకు ఇది చదివి వినిపించి ఒక్క ప్రశ్న అడిగి చూడండి: ఇందులో ఆయన కళ్లారా చూసినవేవి, చెవులతో విన్నవేవి? బట్టల సంగతి చూసి చెప్పి ఉండొచ్చంటారు. గద్దల కథ ఎవరో చెప్పగా విన్నదంటారు. నిజానికి ఆ గద్దల కథ అరబ్బు నావికుల కథల్లోనూ ఉంది. మరి రాణి సంగతి? ఇక్కడ మరో విషయం చెప్పాలి. మార్కోపోలో తన ప్రయాణాలను ఇటలీకి తిరిగి వెళ్లాక, జెనోవా చెరలో ఉండగా, 1298 ప్రాంతంలో తోటి ఖైదీ రుస్టికెల్లోకు చెప్పి రాయించాడు. అంటే ఇదంతా జ్ఞాపకంలోంచి వచ్చిన మాట. ఒక పత్రం చేతికి రాగానే ఇది ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఎవరికి చెప్పారు అని అడగడం పదమూడేళ్ల పిల్లలకు కూడా సాధ్యమే. ఇంట్లో గొడవ జరిగితే ఎవరి మాట ఎంతవరకు నమ్మాలో వాళ్లకు బాగా తెలుసు. ఆ తెలివినే చరిత్ర వైపు తిప్పాలి.

రెండో సాక్షి మల్కాపురం శాసనం. గుంటూరు జిల్లాలో, నేటి ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఉన్న వెలగపూడి పక్కనే ఉంది మల్కాపురం. 1261 నాటి ఆ శాసనం రుద్రమదేవిని గణపతిదేవుడి కూతురుగా చెబుతుంది. మార్కోపోలో ఆమెను చనిపోయిన రాజుకు భార్య అనుకున్నాడు. ఒకప్పుడు కొందరు చరిత్రకారులు కూడా ఆ మాట నమ్మి ఆమెను గణపతిదేవుడి రాణిగా రాశారు. శాసనాలు చదివాకే ఆ లెక్క సరిదిద్దుకున్నారు. పాశ్చాత్యుడు రాసిన ప్రసిద్ధ గ్రంథం ఒకవైపు, మన పొలాల మధ్య నిలిచిన రాయి ఒకవైపు ఉంటే, ఈ విషయంలో రాయి చెప్పిందే నిజమైంది. అలాగని మార్కోపోలోను పక్కన పారేయక్కర్లేదు. ప్రజలు ఆమెను ఎలా చూశారో చెప్పిన బయటివాడి మాటగా దానికి విలువ ఉంది. ఒకే సాక్షి ఒక విషయంలో పొరబడి, మరో విషయంలో నిజం చెప్పగలడని పిల్లలు గ్రహించడం కంటే గొప్ప చరిత్ర పాఠం ఇంకేముంటుంది?

మల్కాపురం శాసనం దగ్గర ఇంకాసేపు ఆగుదాం. గోళకీ మఠానికి చెందిన విశ్వేశ్వర శివాచార్యుడికి మందడం గ్రామాన్ని ఇస్తానని గణపతిదేవుడు మాట ఇచ్చాడు. తండ్రి మాట ప్రకారం రుద్రమదేవి ఆ ఊరినీ, దాంతోపాటు వెలగపూడినీ దానం చేసింది. శివాచార్యుడు ఆ ఆదాయంతో గుడి, మఠం, సత్రం, విద్యాశాల నెలకొల్పాడు. ఆదాయంలో ఒక వాటా ప్రసూతిశాలకూ, ఆరోగ్యశాలకూ, సత్రానికీ కేటాయించాడు. వేదాలు చెప్పేవాళ్లు, తర్కం, సాహిత్యం చెప్పేవాళ్లు, ఒక వైద్యుడు, లెక్కలు రాసే కరణం, కంసాలి, కమ్మరి, కుమ్మరి, వడ్రంగి అందరికీ ఏర్పాట్లున్నాయి. అన్నసత్రంలో బ్రాహ్మణుడు మొదలు చండాలుడి దాకా ఎవరొచ్చినా ఎప్పుడైనా అన్నం పెట్టాలని కూడా ఆ రాతిమీద ఉంది.

ఓరుగల్లు నుంచి ఏలిన రాణి కృష్ణాతీరంలో ఇచ్చిన దానం ఇది. ఈ ఒక్క శాసనాన్ని వరంగల్ బడిలోనూ, తుళ్లూరు బడిలోనూ చదవొచ్చు. రెండు చోట్లా పిల్లలు ఇది మాదే అంటారు. రెండు చోట్లా అది నిజమే.

అయితే ఈ శాసనాన్ని పొగిడి వదిలేస్తే సగం పనే చేసినట్టు. రాతిమీద లేనిదేమిటో కూడా అడగాలి. ప్రసూతిశాల ఉందన్నారు సరే, అందులో పురుడు పోసుకున్న ఒక్క తల్లి పేరైనా ఉందా? లేదు. పురుడు పోసిన మంత్రసాని పేరుందా? లేదు. మందడం రైతులు పన్ను ఇన్నాళ్లూ ఎవరికి కట్టారు, ఇకపై ఎవరికి కడతారు, వాళ్లనెవరైనా అడిగారా? శాసనంలో అదీ లేదు. శాసనం ఇచ్చేవాళ్లు చెక్కించుకున్నది కాబట్టి ఇచ్చేవాళ్ల గొంతే అందులో వినబడుతుంది. ఇది శాసనం తప్పు కాదు, దాని స్వభావం. సత్రంలో అందరికీ అన్నం పెట్టాలన్న ఆజ్ఞ ఉందంటే, మిగతా చోట్ల అందరికీ పెట్టేవారు కాదేమో అని కూడా ఎవరో ఒక పిల్లో పిల్లాడో అంటారు. అలాంటి మాట వచ్చినప్పుడు ఉపాధ్యాయుడు దాన్ని పట్టుకోవాలి. కాలం మించిపోతోందని దాటేయకూడదు.

ఇక చందుపట్ల శాసనం మూడో సాక్షి. దాని దగ్గర చేయాల్సిన పని మరింత సున్నితమైనది. రుద్రమదేవి తన సామంతుడు కాయస్థ అంబదేవుడితో యుద్ధంలో మరణించిందని మనం తరచూ వింటుంటాం. చందుపట్ల శాసనంలో యుద్ధం మాట లేదు. అంబదేవుడి పేరు లేదు. రాణి, సేనాని ఇద్దరి పేర్లూ ఒకేచోట, ఒకే పుణ్యం కోసం వచ్చాయి కాబట్టీ, అంబదేవుడు ఆ రోజుల్లోనే తిరగబడి త్రిపురాంతకం శాసనంలో తన విజయాలు చాటుకున్నాడు కాబట్టీ, ఇద్దరూ ఒకే పోరులో పడి ఉంటారని చరిత్రకారులు అనుకున్నారు. బలమైన ఊహే. అయినా ఊహ ఊహే. రాయి చెప్పిన మాట ఏది, మనం కలుపుకున్న మాట ఏది అని నల్లబల్లమీద మధ్యలో గీత గీసి రెండు వైపులా రాయించండి. ఈ గీత గీయడం వచ్చిన పిల్లలు రేపు పెద్దయ్యాక సెల్‌ఫోన్లో వచ్చే ప్రతి చరిత్ర వీడియోనీ అదే గీతతో కొలుస్తారు. సినిమాలో చూసిన రుద్రమదేవిని ప్రేమిస్తూనే, శాసనంలో ఉన్న రుద్రమదేవి ఎవరో తెలుసుకోగలుగుతారు.

శాసనాలంటే అర్థంకాని పాతలిపి కదా, పిల్లలకెలా అని చాలామంది ఉపాధ్యాయులు జంకుతారు. పిల్లలు లిపి చదవాల్సిన పనిలేదు. శాసనాలను నిపుణులు ఎప్పుడో చదివి, నేటి తెలుగు లిపిలో అచ్చువేశారు. సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్ సంపుటాల్లో 10వది మొత్తం తెలుగు శాసనాలదే. వరంగల్, కరీంనగర్, నల్లగొండ, కడప జిల్లాల శాసనాలకు పురావస్తు శాఖ విడివిడి సంపుటాలు తెచ్చింది. అంతకుముందే 1935లో లక్ష్మణరాయ పరిశోధక మండలి తెలంగాణ శాసనాలు ప్రచురించింది. ఆ మండలి పేరు కొమర్రాజు లక్ష్మణరావు గారిది. శాసనాలు వెదికి, అచ్చువేసి, తెలుగులో చరిత్ర రాయాలన్న పట్టుదల ఆ తరానిది. వాళ్లు ఎండలో తిరిగి తెచ్చిన సంపద బడి దాకా చేరకపోవడం నన్ను బాధపెడుతుంది.

తరగతికి మొత్తం శాసనం తీసుకుపోవద్దు. ఏడెనిమిది పంక్తులు చాలు. పక్కన కష్టమైన మాటలకు అర్థాలు రాయండి. దానం ఎవరు చేశారు, ఎవరికి చేశారు, ఏ సంవత్సరం, ఎంత భూమి, ఎవరి పుణ్యం కోసం, దానాన్ని చెడగొట్టినవాడికి ఏ శాపం పెట్టారు అని పిల్లలే వెతికి చెప్పనివ్వండి. శాపం దగ్గర తరగతి తప్పకుండా నవ్వుతుంది. నవ్వనివ్వండి. ఆ తర్వాత, రాజాజ్ఞ ఉన్నా శాపం ఎందుకు పెట్టాల్సి వచ్చింది అని అడగండి. తరవాత వచ్చే రాజు ఈ మాట నిలబెడతాడన్న భరోసా ఆ రోజుల్లో ఎంతుండేదో పిల్లలే తేల్చుకుంటారు.

ఒక్కో శాసనం లెక్కల మాస్టారినీ చరిత్రలోకి లాక్కొస్తుంది. నేటి బాపట్ల జిల్లా మోటుపల్లిలో వీరభద్రాలయం దగ్గర గణపతిదేవుడు 1244-45లో వేయించిన అభయశాసనం అలాంటిది. తుఫానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ అంతకుముందు రాజులు బలవంతంగా లాక్కునేవారట. ప్రాణంకంటే ధనమే మిన్న అనుకుని సముద్రం దాటే సాహసానికి పూనుకున్న వర్తకుల మీద దయతో తాము నియమిత సుంకం తప్ప మిగతాదంతా వదిలేస్తున్నామని గణపతిదేవుడు ప్రకటించాడు. ఎగుమతి దిగుమతుల మీద సుంకం ముప్పైకి ఒకటి. అంటే నూటికి మూడున్నరలోపే. శాసనంలో చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, రాగి లాంటి లోహాలు, పట్టు, మిరియాలు, వక్కలు వరసగా వస్తాయి. ఈ సరుకుల్లో మన నేలలో దొరికేవేవి, ఓడల్లో రావాల్సినవేవి అని పటం ముందుపెట్టుకుని పిల్లలు పంచుకుంటే, 13వ శతాబ్దపు తెలుగు తీరం ఎవరెవరితో మాట్లాడిందో కళ్లకు కడుతుంది. రాజు దయవల్ల ఇలా చేశాడా, రేవుకు ఓడలు రావాలని చేశాడా? శాసనం దయ, కీర్తి, ధర్మం అంటుంది. రెండూ ఉండొచ్చని నా ఉద్దేశం. పిల్లలు మాత్రం గట్టిగా వాదించుకుంటారు. ఆ వాదన కోసమే పీరియడు.

మీ ఊళ్లోనే శాసనం ఉంటే అంతకంటే అదృష్టం లేదు. పిల్లల్ని తీసుకెళ్లండి. అక్షరాలు కనిపించాలని రాతిమీద రంగులు పూయడం, నూనె రాయడం, ఇనుప బ్రష్షుతో గీకడం చేయొద్దు. ఉదయం పూట, సాయంత్రం పూట ఏటవాలుగా ఎండపడినప్పుడు అక్షరాలు వాటంతటవే తేలుతాయి. గుడిలోపల చీకటైతే ఒక పక్కనుంచి టార్చిలైటు పట్టుకుని ఫొటో తీస్తే చాలు. మన గుళ్లలో ఎన్నో శాసనాలు ఏటేటా వేసే సున్నం కింద, మరమ్మతుల పేరుతో వేసిన సిమెంటు కింద దాగిపోయాయి. బడిపిల్లలు ఒకసారి వచ్చి శ్రద్ధగా చూసి వెళ్లిన రాతిమీద సున్నం వేసేముందు ఊరు కాస్త ఆలోచిస్తుంది.

శాసనం లేని ఊరికి కైఫీయతు ఉండొచ్చు. ఈస్టిండియా కుంఫిణీ ఉద్యోగి కర్నల్ కాలిన్ మెకంజీ కోసం కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి అనే ముగ్గురు అన్నదమ్ములూ, వారి తోటివారూ పల్లెపల్లెలో కరణాల దగ్గర రాయించి సేకరించిన ఊరి వృత్తాంతాలే ఈ కైఫీయతులు. ఊరికి ఆ పేరెలా వచ్చింది, చెరువు ఎవరు తవ్వించారు, ఎవరి దొరతనం తరవాత ఎవరి దొరతనం వచ్చింది అన్నీ ఉంటాయి. కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం కడప జిల్లా కైఫీయతులను పుస్తకాలుగా తెచ్చింది. వీటిలో పురాణం ఉంది, జనం చెప్పుకునే కథ ఉంది, పక్కా లెక్క ఉంది. చెప్పినవాడు కరణం, రాయించుకున్నవాడు కుంఫిణీ ఉద్యోగి. తమ మిరాసీ హక్కులు నిలవాలన్న ఆశ ఆ కరణాలకు ఉండదా? ఏ వాక్యంలో ఆ ఆశ తొంగిచూస్తోందో వెతికించండి. పదో తరగతి పిల్లలు ఇట్టే పట్టేస్తారు.

ఇప్పుడు దగ్గరి కాలానికి వద్దాం. ఇక్కడే మూలపత్రాల అవసరం ఎక్కువ. మన రెండు రాష్ట్రాల ఏర్పాటు చరిత్ర ఇంకా వేడిగానే ఉంది. ఇంట్లో పెద్దలకు అభిప్రాయాలున్నాయి, ఉపాధ్యాయులకూ ఉన్నాయి, పిల్లలు అవన్నీ వింటూ పెరుగుతున్నారు. ఇలాంటి విషయం మీద గట్టిగా మాట్లాడితే గొడవ, మాట్లాడకపోతే అజ్ఞానం. ఉపాధ్యాయుడి అభిప్రాయం బదులు పత్రాన్నే బల్లమీద పెడితే తరగతి నిదానిస్తుంది.

1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి ఇంట్లో కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక ఒక చిన్న పత్రం. విశ్వవిద్యాలయ కేంద్రాలు వాల్తేరులో, అనంతపురంలో ఉండాలని, కృష్ణా తుంగభద్ర పెన్నా నీళ్లలో రాయలసీమకు మొదటి పదేళ్లూ ప్రాధాన్యం ఇవ్వాలని, రాజధాని, హైకోర్టు చెరో ప్రాంతంలో ఉండాలని, ఏది కావాలో రాయలసీమ ఎంచుకోవచ్చని అందులో ఉంది. ఆ పత్రం పక్కన 1953 నాటి ఆంధ్ర రాష్ట్రాన్ని పెట్టి చూడమనండి. కర్నూలులో రాజధాని, గుంటూరులో హైకోర్టు. ఏ షరతు నిలిచింది, నీళ్ల మాట ఏమైంది అన్నది కర్నూలు, అనంతపురం పిల్లలు తమ ఇళ్లకు పట్టుకెళ్లి అడగాల్సిన ప్రశ్న.

అలాగే ఫజల్ అలీ అధ్యక్షతన హృదయనాథ్ కుంజ్రూ, కె.ఎం. పణిక్కర్ సభ్యులుగా ఉన్న రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం 1955లో ఇచ్చిన నివేదిక. పాఠ్యపుస్తకంలో దానికి రెండు మూడు వాక్యాలు దక్కుతాయి. అసలు నివేదికలో విశాలాంధ్ర, అంటే ఆంధ్ర, తెలంగాణ కలిసిన రాష్ట్రం, గురించి రాసిన పేరాలు కొన్ని పుటలే. మొదట విశాలాంధ్ర వల్ల వచ్చే మేళ్లు చెబుతారు. కృష్ణా గోదావరి నీళ్లు ఒకే ఏలుబడి కిందికి వస్తాయి, హైదరాబాదు రాజధానిగా దొరుకుతుంది, తెలంగాణ బొగ్గు, ఆంధ్ర తిండిగింజలు ఒకరికొకరికి ఉపయోగపడతాయి. ఆ తరవాత తెలంగాణ భయాలు చెబుతారు. చదువులో వెనకబడ్డ తమను ముందున్నవాళ్లు మింగేస్తారన్న భయం, తమ ఆదాయం తమకు దక్కదన్న భయం. చివరికి తెలంగాణను ప్రస్తుతానికి హైదరాబాదు రాష్ట్రంగా విడిగా ఉంచాలనీ, 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తరవాత ఆ శాసనసభలో మూడింట రెండు వంతుల మంది కోరితే ఆంధ్రతో కలపొచ్చనీ సిఫారసు చేశారు. జరిగింది వేరు. 1956 ఫిబ్రవరి 20న రెండు ప్రాంతాల నాయకుల మధ్య పెద్దమనుషుల ఒప్పందం కుదిరింది, నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది.

ఈ నివేదిక ఇరువైపుల వాదననూ ఎంత మర్యాదగా నమోదు చేసిందో పిల్లలు చూడాలి. తనకు నచ్చని వాదనను కూడా అవతలివాడు ఒప్పుకునేలా చెప్పడం ఒక విద్య. గుంటూరు తరగతికి తెలంగాణ భయాలున్న పేరాను, కరీంనగర్ తరగతికి విశాలాంధ్ర మేళ్లున్న పేరాను ఇచ్చి, ఆ వాదనను సొంత మాటల్లో బలంగా చెప్పమని నేను కోరతాను. 1956 పెద్దమనుషుల ఒప్పందం, 2014 పునర్వ్యవస్థీకరణ చట్టం కూడా ఇదే వరసలో చదవాలి. ఇవన్నీ అందరికీ దొరికే పత్రాలే, రహస్యాలేమీ కావు.

కాగితాలకు అందని చరిత్ర కూడా ఉంది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను వాళ్ల నోటనే విని స్త్రీశక్తి సంఘటన 1986లో మనకు తెలియని మన చరిత్ర అన్న పుస్తకం తెచ్చింది. పోలీసు రికార్డుల్లో గానీ, నాయకుల ఆత్మకథల్లో గానీ దొరకని సంగతులు అందులో ఉన్నాయి. అడవిలో బిడ్డను కన్నవాళ్లు, పోరాటం ముగిశాక ఇంటికి తిరిగి వెళ్లమంటే ఏ ఇంటికి వెళ్లాలో తెలియనివాళ్లు మాట్లాడారు. మల్కాపురం శాసనంలో మనకు వినబడని తల్లుల గొంతు ఏడు వందల ఏళ్ల తరవాత ఇలా ఒక పుస్తకంలో దొరికింది. పిల్లలు తమ అమ్మమ్మనో తాతయ్యనో కూర్చోబెట్టి అడిగి రాసుకొచ్చినా అది మూలాధారమే. నాగార్జునసాగర్ కట్టడానికి రాళ్లెత్తినవాళ్లు, దివిసీమ ఉప్పెన చూసినవాళ్లు, బీడీలు చుట్టి బిడ్డల్ని చదివించినవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. ఎక్కువకాలం ఉండరు.

ఇవేవీ దొరకలేదనుకునే ఉపాధ్యాయుడికి ఒక మాట. మీ బీరువాలోనే ఒక మూలపత్రం ఉంది. అదే మీ బడి అడ్మిషన్ రిజిస్టరు. పాత బడుల్లో అరవై డెబ్బయ్యేళ్ల నాటి రిజిస్టర్లు ఇంకా ఉన్నాయి. పేర్లూ కులాలూ పిల్లలకు చూపించొద్దు. ఆ ఊళ్లో వాళ్ల మనవలే మీ ముందు కూర్చుని ఉంటారు, ఎవరి మనసూ నొచ్చుకోకూడదు. సంవత్సరం, ఆడపిల్లలెందరు, మగపిల్లలెందరు, ఏ తరగతిలో మానేశారు అన్న అంకెలు మాత్రం తీసివ్వండి. ఊళ్లో ఆడపిల్ల మొదటిసారి బడిలో చేరిన ఏడు ఏది? ఐదో తరగతి దాటిన మొదటి అమ్మాయి ఏ ఏడాది దాటింది? ఏ ఏట ఉన్నట్టుండి సంఖ్య తగ్గింది, ఆ ఏడు కరువొచ్చిందా, వలసలు పోయారా? ఎంతోమంది పుట్టినరోజులు జూన్, జులై ఒకటో తేదీలే ఎందుకయ్యాయి? ఏ పాఠ్యపుస్తకంలోనూ లేని చరిత్ర ఇది, ఆ ఊరికి మాత్రమే చెందిన చరిత్ర. తెలంగాణలో 1954-55 ఖాస్రా పహాణీ కూడా ఇలాంటిదే. ఆ రికార్డు పుటల్లో ఊరి భూమి కథ ఉంటుంది. అయితే భూముల తగాదాలు నడుస్తున్న చోట దాన్ని జాగ్రత్తగా వాడాలి.

ఉపాధ్యాయుల ఇబ్బందులు నాకు తెలుసు. సిలబస్ పూర్తికావాలి, పరీక్షలు వెంటపడుతుంటాయి, తరగతిలో యాభైమంది ఉంటారు. ప్రాజెక్టు పని అని పెట్టినా, అది ఇంటర్నెట్టులోంచి దించుకున్న బొమ్మలతో చార్టు అతికించే పనిగా మారిపోతోంది. అందుకే ప్రతి పాఠానికీ మూలపత్రం పెట్టమని నేననను. టర్ముకు ఒకటి చాలు. ఏడాదికి మూడు. ఐదేళ్ల హైస్కూలు చదువులో పదిహేను పత్రాలు. అవి బాగా చదివిన పిల్లవాడు చరిత్రను ఇక బట్టీపట్టలేడు.

పరీక్ష కూడా కాస్త వంగాలి. ప్రశ్నపత్రంలో శాసనంలోని నాలుగు పంక్తులు ఇచ్చి, ఇందులో మీకు తెలిసిందేమిటి, తెలియనిదేమిటి అని ఒక్క ప్రశ్న అడిగినా మొత్తం బోధన ఆ దిక్కుకు తిరుగుతుంది. మనదగ్గర పరీక్షలో అడిగిందే తరగతిలో చెబుతారు, ఇది అందరికీ తెలిసిన సంగతే. ప్రశ్నపత్రాలు తయారుచేసే పెద్దలు ఈ మాట ఆలోచించాలని నా విన్నపం. రెండు రాష్ట్రాల విద్యాశాఖలూ, పురాభిలేఖ శాఖలూ కలిసి జిల్లాకు పదేసి మూలపత్రాలు ఎంచి, నేటి తెలుగులో అర్థాలతో, మంచి ఫొటోలతో బడులకు పంపితే ఖర్చు పెద్దగా కాదు. హైదరాబాదు తార్నాకలో ఉన్న రాష్ట్ర పురాభిలేఖాగారంలో మొగలుల నాటి ఫార్సీ కాగితాల నుంచి నిజాం కాలపు దస్త్రాల దాకా ఉన్నాయి. వాటిలో ఒక్కటైనా మన పిల్లలు చూడకుండా బడి దాటిపోతున్నారు.

ఈ ప్రసంగం వింటున్నవాళ్లలో ఉపాధ్యాయులు కానివాళ్లూ ఉంటారు. మీ ఇంట్లో తాతగారి ఉత్తరాలు, పాత భూమి రసీదులు, శిస్తు కట్టిన చీటీలు, పెళ్లి శుభలేఖలు, 1950ల నాటి వార్తాపత్రికలు ఉంటే పాతకాగితాల వాడికి అమ్మేయకండి. ఒక ఫొటో తీసి మీ ఊరి హైస్కూలు సాంఘికశాస్త్రం టీచరుకు పంపండి. టీచర్లూ, ఈ సంవత్సరం మీ జిల్లా శాసనాల సంపుటం ఒకసారి తెరిచి, మీ మండలంలో ఏ ఊరి పేరు ఉందో చూడండి. ఆ ఊరి శాసనంలో ఏడెనిమిది పంక్తులు నల్లబల్లమీద రాసి, ఇది ఎవరు చెక్కించారో, ఎందుకు చెక్కించారో చెప్పమని పిల్లల్ని అడగండి.